సీస్తాన్‌లో దాక్కున్న శకులు

తూర్పు ఇరాన్‌లో కొంత, నైరుతి అఫ్గానిస్తాన్‌లో కొంత పరుచుకున్న ప్రాంతం సీస్తాన్. ఆ పేరు ఎలా వచ్చింది?

మధ్య ఆసియా గడ్డిమైదానాల్లో గుర్రాల మీద తిరిగే సంచార జాతుల్ని పాత పర్షియన్లు 'సకా' అనేవారు. మనం శకులంటాం. ఇరాన్‌లోని బిసుతూన్ కొండ మీద దారియస్ చక్రవర్తి చెక్కించిన శిల్పంలో, చేతులు వెనక్కి విరిచికట్టిన బందీల వరస ఉంటుంది. అందులో చివరివాడు శకుడు. నెత్తిన మొనదేలిన పొడవాటి టోపీ! ఎవరైనా ఇట్టే గుర్తుపడతారు.

క్రీ.పూ. 2వ శతాబ్దంలో వేరే తెగలు తరమడంతో శకులు దక్షిణానికి కదిలారు. కొందరు హెల్మండ్ నది దిగువన స్థిరపడ్డారు. అంతకుముందు 'జ్రంక' అనే ఆ నేల 'సకస్తాన్' అయింది. 'స్తాన్' మన 'స్థానం'కు తోబుట్టువే. నోళ్లలో నలిగి సకస్తాన్ కాస్తా సగిస్తాన్ అయింది. అరబ్బీలో 'గ' అక్షరం లేదు, అందుకే అరబ్బులు సిజిస్తాన్ అన్నారు. అరిగి అరిగి ఇప్పుడు సీస్తాన్ మిగిలింది.

అన్నట్టు, ఉగాది పంచాంగంలో శాలివాహన శకం అని చూసే ఉంటారు. క్రీ.శ. 78లో మొదలైన లెక్క అది. అందులోని 'శకం' అన్న మాట కూడా ఈ గుర్రపు రౌతుల పేరే!