డిఫరెన్షియల్ నూనె మార్పిడి

1957 మొదలు 2014 వరకు మన దేశమున తయారైన అంబాసిడర్ వంటి కార్లలో డిఫరెన్షియల్ వెనుక ఇరుసు నడుమ నుండును. దాని పళ్ళు దొర్లుటయే గాక తీవ్రమైన ఒత్తిడిలో జారుచుండును. మామూలు నూనె పొర అచట నిలువదు. అందుచే గంధకము, భాస్వరము గల రసాయనములను నూనెలో కలుపుదురు. ఇవి వేడికి ఉక్కుతో చర్య జరిపి జారుడు పొరను ఏర్పరచును. ఆ గంధకమే కొన్ని గేరుపెట్టెలలోని ఇత్తడి వలయములను తినివేయగలదు. రెండింటికి ఒకే నూనె చాలునని తలచరాదు.

కొంతదూరము నడిపిన బండిలో నూనె వెచ్చబడి ధారాళముగా దిగును. దింపుటకు ముందే, నూనెపోయు రంధ్రపు బిరడా ఊడునో లేదో చూడవలెను. ఉన్న నూనె కారిపోయిన పిదప అది బిగుసుకొని రాకున్న బండిని కదల్చుటకే వీలుండదు! ఇక జాకీ ఒక్కదానిని నమ్మి బండిక్రింద దూరుట ప్రాణాపాయము. బండి సమతలముగా నున్నప్పుడు, సాధారణముగా ఆ రంధ్రపు అంచునుండి పొరలువరకు క్రొత్త నూనె పోయవలెను.