మునిగిన ఊరి జాడ చెప్పే తపాలా ముద్ర

తుంగభద్ర జలాశయం క్రింద సుమారు 90 గ్రామాలు మునిగిపోయినవి. 1945 ఫిబ్రవరి 28న ఆనకట్టకు శంకుస్థాపన జరిగినది. 1953 నాటికి జలాశయంలో నీరు నిలిచినది. నారాయణదేవరకెరె ప్రజలు తరలివచ్చి మరియమ్మనహళ్ళిలో స్థిరపడినందున ఆ పేరు నేటికీ వినబడుతున్నది. చిన్న పల్లెల సంగతి వేరు. వాటి నుండి చెదరిపోయిన కుటుంబాలలో మనుమలకు మిగిలినది పెద్దల నోట విన్న ఒక పేరు మాత్రమే. ఆ పేరు ఏ తాలూకాలో, ఏ గట్టున వెదకవలెనో తెలియదు. అటువంటి వారికి పెట్టె అడుగున పడియున్న పాత కార్డు ఎంతో తోడ్పడుతుంది.

ఉత్తరంపై సాధారణంగా రెండు ముద్రలుండేవి. బిళ్ళపై పడినది ఉత్తరం వేసిన చోటిది. అందిన చోట మరొక ముద్ర వేసేవారు. కవరయితే అది వెనుకవైపున ఉంటుంది. మన ఇంటికి వచ్చిన ఉత్తరంలో చూడవలసినది ఈ రెండవదానినే. చాలమంది మొదటి ముద్రను చదివి, బంధువు ఊరిని తమ ఊరనుకొంటారు. బిళ్ళను నానబెట్టి ఊడదీసేవారి వలన మరొక నష్టం: బిళ్ళతోబాటు సగం ముద్ర పోతుంది. కవరును కవరుగానే ఉంచుట మేలు.

చిరునామాలో "పోస్టు" అన్న మాటకు ముందున్న పేరు తరచు మన ఊరిది కాదు. చుట్టుప్రక్కల పల్లెలకు ఒకే శాఖా కార్యాలయం ఉండేది. కావున ఆ పేరును ఊరి పేరుగా గాక, ఊరు ఏ ప్రాంతంలో ఉండెనో తెలిపే గురుతుగా తీసుకొనవలెను. 1972 ఆగస్టు 15కు ముందు పిన్‌కోడు లేదు గనుక ఆ కాలపు ఉత్తరాలకు ఇదే ఆధారం.

ఉత్తరం వేసిన గట్టు తెలిసికొనుటకు బిళ్ళ కొంత తోడ్పడుతుంది. కుడిగట్టు బళ్ళారి జిల్లా, అనగా నాటి మదరాసు రాజధాని. అచ్చట బ్రిటిషు ఇండియా తపాలా నడిచేది. ఎడమగట్టు నిజాం రాజ్యంలోని రాయచూరు జిల్లా. నిజాముకు సొంత తపాలా ఉండేది. 1950లో అది భారత తపాలాలో కలిసినది. నిజాం బిళ్ళలపై ఉర్దూతో పాటు తెలుగక్షరాలు కూడ ఉండేవన్నది మన సరిహద్దు వారికి ముచ్చట గొలిపే విషయం.

తాలూకా తేలిన తరువాత 1941, 1951 జనాభా లెక్కల గ్రామ జాబితాలు చూడవలెను. కుడిగట్టు పాత రెవెన్యూ కాగితాలకై చెన్నై ఎగ్మూరులోని రాష్ట్ర దస్తావేజుల భాండాగారాన్ని ఆశ్రయించవచ్చును. వాటిలో సంవత్సరం ఫసలీలో ఉంటుంది. 590 కలిపితే క్రీస్తు శకం వస్తుంది. ఫసలీ 1355 అనగా 1945-46.

నేటి చిరునామాతో పాత దస్త్రం అడిగితే దొరకదు. హోస్పేట తాలూకా 1953 అక్టోబరు 1న మైసూరు రాష్ట్రంలో చేరినది. 1973లో రాష్ట్రం పేరు కర్ణాటక అయినది. 2021లో విజయనగర జిల్లా ఏర్పడినది. అర్జీలో "మదరాసు రాష్ట్రం, బళ్ళారి జిల్లా, హోస్పేట తాలూకా" అని వ్రాసి, ముద్రపై ఉన్న ఇంగ్లీషు అక్షరక్రమాన్నే దించి, కవరు రెండు వైపుల నకళ్ళు జతచేయవలెను.