వెలిగే ప్లాస్టిక్

ప్లాస్టిక్ గుండా కరెంటు పారదు కాబట్టే తీగలకు దాన్ని తొడుగుగా వేస్తాం. అలాంటిది, 1989లో కేంబ్రిడ్జ్‌లోని కావెండిష్ ప్రయోగశాలలో పలుచని పాలిమర్ పొరకు కరెంటు ఇస్తే అది పసుపు కలిసిన ఆకుపచ్చగా వెలిగింది. ఆ పాలిమర్ పేరు పాలీ ఫినైలీన్ వినైలీన్, పొట్టిగా పీపీవీ. జెరెమీ బరోస్, డోనల్ బ్రాడ్లీ, రిచర్డ్ ఫ్రెండ్‌ల బృందం మరుసటి ఏడాది ‘నేచర్’ పత్రికలో ఈ సంగతి వెల్లడించింది.

కాని దాని దక్షత 0.05 శాతమే. అంటే రెండు వేల ఎలక్ట్రాన్లు ఖర్చుపెడితే దక్కేది ఒక్క ఫోటాన్. చిల్లులకుండలో నీళ్లు పోసినట్టే. ఆ చిల్లులను ఒక్కొక్కటిగా పూడ్చడమే ఈ దీపం తర్వాతి కథ.

మొదటి నష్టం ప్రవేశద్వారం దగ్గరే. ఒకవైపు నుంచి ఎలక్ట్రాన్లు, మరోవైపు నుంచి ధనావేశ రంధ్రాలు (ఎలక్ట్రాన్ లేని ఖాళీలు) వచ్చి పొరలో కలుసుకుంటేనే వెలుగు. పీపీవీలోకి రంధ్రాలు సులువుగా వస్తాయి, ఎలక్ట్రాన్లు రావు. జోడీ దొరకని రంధ్రాలు వృథాగా దాటిపోతాయి. 1991లో కాలిఫోర్నియాలో బ్రౌన్, హీగర్ అనే పరిశోధకులు ఎలక్ట్రాన్లను తేలిగ్గా వదిలే కాల్షియాన్ని కాథోడుగా వాడి దక్షతను సుమారు ఒక శాతానికి చేర్చారు. కాల్షియానికి గాలి, తేమ గిట్టవు కనుక పరికరాన్ని బిగుతుగా మూసి ఉంచాల్సి వచ్చింది. 1993లో కేంబ్రిడ్జ్ బృందం రెండు పాలిమర్ పొరలు పేర్చి, వాటి సరిహద్దులోనే జోడీలు కుదిరేలా చేసింది. అంతర్గత దక్షత 4 శాతానికి పెరిగింది.

రెండో నష్టం ఎలక్ట్రాన్లకుండే స్పిన్ అనే క్వాంటం గుణం వల్ల. ఏర్పడే జోడీల్లో లెక్కప్రకారం నాలుగింట ఒకటే వెలుగునిస్తుంది. మిగతా మూడూ వేడిగా మారతాయి. 1998లో ఫారెస్ట్, థాంప్సన్ అనే పరిశోధకుల బృందాలు ప్లాటినం సమ్మేళనంతో ఆ మూడింటినీ వెలిగించే దారి చూపాయి. తర్వాత ఇరిడియం సమ్మేళనాలు వచ్చాయి. వాటిని పాలిమర్లలోనూ కలిపారు.

మూడోది, పుట్టిన వెలుగు బయటపడకపోవడం. పాలిమర్ వక్రీభవన గుణకం గాలికంటే చాలా ఎక్కువ. అందువల్ల సంపూర్ణాంతర పరావర్తనంతో కాంతిలో ఎక్కువ భాగం లోపలే చిక్కుకుంటుంది. సాదా పరికరం నుంచి బయటికి వచ్చేది దాదాపు 20 శాతమే. గాజుపై సూక్ష్మ కటకాలు అమర్చి దీన్ని పెంచుతున్నారు.

ఇన్ని చిల్లులు పూడ్చినా, నేటి ఫోన్ల ఓఎల్‌ఈడీ (సేంద్రియ పదార్థాలతో వెలిగే డయోడ్) తెరల్లో ఎక్కువగా ఉన్నవి పాలిమర్లు కావు, శూన్యంలో ఆవిరిగా పేర్చిన చిన్న అణువులు. సిరాలా అచ్చువేయగలగడం పాలిమర్‌కున్న బలం, నీలిరంగు ఎక్కువ కాలం నిలవకపోవడం దాని బలహీనత. దక్షత పెంచడం ఎంత అవసరమో, ఆ నీలాన్ని నిలబెట్టడమూ అంతే అవసరం.