ఫుట్‌బాల్ మైదానంలో గడ్డి ఎందుకు?

వట్టి నేల మీదా బంతి ఆడొచ్చు కదా! మరి అంత శ్రమపడి గడ్డి పెంచడం ఎందుకు?

గట్టి నేల మీద పడితే మోకాలు చెక్కుకుపోతుంది. గడ్డి నేల మెత్తగా ఉండి, దెబ్బను కొంత తానే తీసుకుంటుంది. బూటు కింది బుడిపెలకు పట్టూ ఇస్తుంది. అదే నేలలో చిన్న గుంట ఉందనుకోండి... పరుగెత్తే కాలు మెలిక పడి చీలమండ బెణుకుతుంది. బంతి కూడా గతుకు తగిలి, మీరు అనుకోని వైపు ఎగురుతుంది.

మైదానాన్ని ఎలా కాపాడతారు?

గడ్డిని సుమారు 25-30 మిల్లీమీటర్ల ఎత్తున సమంగా కోస్తారు. అడుగున ఇసుక పొర ఉంటే వాన నీరు నిలవదు. తొక్కితొక్కి గట్టిపడిన నేలలో సన్నని రంధ్రాలు పొడుస్తారు. వాటిలోంచి గాలి, నీరు వేళ్లకు చేరతాయి.

టీవీలో కనిపించే లేత, ముదురు పచ్చ పట్టీలు రెండు రకాల గడ్డి కాదు! కోత యంత్రం ఒక వరసలో అటు, మరో వరసలో ఇటు గడ్డిని వంచుతుంది. వెలుగు పడే తీరు మారి, రంగు మారినట్టు అనిపిస్తుంది.

ప్లాస్టిక్ గడ్డి వేస్తే సరిపోదా? 2015లో కెనడాలో మహిళల ప్రపంచ కప్ అంతా దాని మీదే జరిగింది. ఎండకు అది బాగా వేడెక్కుతుంది, జారిపడితే ఒళ్లు గీరుకుపోతుంది అని క్రీడాకారిణులు అభ్యంతరం చెప్పారు.

వేడి ప్రాంతాల మైదానాల్లో ఎక్కువగా పెంచేది ఏమిటో తెలుసా? వినాయక చవితి పూజలో మనం వాడే గరికే!

ఈసారి ఆటకు ముందు మైదానమంతా ఒక చుట్టు నడవండి. రాళ్లు, గాజు పెంకులు కనిపిస్తే పెద్దలకు చూపించి తీయించండి.