నోట్లో తడి లెక్క స్కాన్ చెబుతుంది!

మా పెదనాన్న భోజనానికి కూర్చుంటే పక్కన చెంబెడు నీళ్లు ఉండాల్సిందే. ముద్దకో గుక్క. గొంతు క్యాన్సర్‌కి రేడియేషన్ పూర్తయి రెండేళ్లయింది. జబ్బు తగ్గింది. కానీ నోట్లో తడి తిరిగి రాలేదు. అన్నం గొంతులో అడ్డం పడుతుంది, ఆవకాయ తగిలితే నాలుక భగ్గుమంటుంది. రాత్రి నాలుగుసార్లు నీళ్ల కోసం లేస్తాడు. ‘ప్రాణం దక్కింది, ఇదో బాధా?’ అంటారు చుట్టాలు. బయటికి కనపడని బాధతో వచ్చే చిక్కే ఇది.

దీన్ని కూడా కళ్లకు చూపించే స్కాన్లు ఉన్నాయని ఆయన ఫైలు తిరగేస్తూ చదవడం మొదలుపెట్టాకే నాకు తెలిసింది.

ఎందుకు ఎండిపోతుంది?

మన నోట్లో రోజుకి సుమారు అర లీటరు నుంచి లీటరున్నర దాకా లాలాజలం ఊరుతుంది. చెవుల ముందు, చెంపల్లో ఉండే పెరోటిడ్ గ్రంథులు అన్నిటికన్నా పెద్దవి. తినేటప్పుడు ఎక్కువగా పనిచేసేవి ఇవే. మిగతా వేళల్లో నోటిని తడిగా ఉంచే పని ఎక్కువగా దవడ కింది గ్రంథులది. రేడియేషన్‌ని గ్రేలలో కొలుస్తారు. తల, మెడ క్యాన్సర్లకి ఆరేడు వారాల్లో 70 గ్రేల దాకా ఇస్తుంటారు. గడ్డకి పక్కనే ఉండటంతో ఈ గ్రంథులూ దెబ్బతింటాయి.

నిమ్మరసం పరీక్ష

లాలాజలాన్ని గిన్నెలో పట్టి కొలిస్తే మొత్తం ఎంతో తెలుస్తుంది. ఏ గ్రంథి పనిచేస్తోందో, ఏది మూలపడిందో తెలీదు. అందుకే సింటిగ్రఫీ చేస్తారు. టెక్నీషియం అనే రేడియోధార్మిక పదార్థాన్ని కొద్ది మోతాదులో నరంలోకి ఎక్కిస్తారు. గ్రంథులు దాన్ని పీల్చుకుని గామా కెమెరా తెరమీద వెలుగుతాయి. తర్వాత నోట్లో నిమ్మరసం వేస్తారు. ఆరోగ్యంగా ఉన్న గ్రంథి వెంటనే లాలాజలం వదులుతుంది, తెరమీద దాని వెలుగు తగ్గుతుంది. దెబ్బతిన్నది సరిగా పీల్చుకోదు, పీల్చుకున్నా వదలదు.

రేడియేషన్ లేని ఎమ్మారైతో గ్రంథి లోపల నీటి కదలిక ఎలా మారిందో చూడొచ్చు. ట్రీట్‌మెంట్ నడుస్తుండగానే గ్రంథులు కుంచించుకుపోవడం సీటీలో కనిపిస్తుంది.

ముందే చూస్తే మేలు

స్కాన్ల అసలు ఉపయోగం నోరెండాక కాదు, ఎండకముందు. ప్లానింగ్ సీటీలో ఒక్కో పొరలో గ్రంథి చుట్టూ గీత గీస్తారు. ఐఎంఆర్‌టీ పద్ధతిలో కిరణాల తీవ్రతని మారుస్తూ ఆ గీత లోపల డోసు తగ్గేలా కంప్యూటర్ లెక్కలు వేస్తుంది. ఒక పెరోటిడ్‌కైనా సగటు డోసు 20 గ్రేల లోపు, లేదంటే రెండిటికీ 25 లోపు ఉంచాలన్నది డాక్టర్లు పెట్టుకునే లక్ష్యం. గడ్డ మరీ దగ్గరగా ఉంటే ఇది కుదరకపోవచ్చు. క్యాన్సర్‌ని వదిలేసి గ్రంథిని కాపాడలేరు కదా.

కుదిరితే తేడా మాత్రం పెద్దదే. బ్రిటన్‌లో 94 మందిపై జరిగిన పార్‌స్పోర్ట్ అధ్యయనం ఫలితాలు 2011లో వచ్చాయి. ఏడాది తర్వాత చూస్తే, పాత పద్ధతిలో 74 శాతం మందికి నోరెండటం ఓ మోస్తరుగానో తీవ్రంగానో ఉంది. ఐఎంఆర్‌టీ తీసుకున్నవాళ్లలో అది 38 శాతమే.

2020లో నెదర్లాండ్స్ పరిశోధకులు ప్రోస్టేట్ క్యాన్సర్ కోసం చేసే పెట్ స్కాన్లలో, ముక్కు వెనక భాగాన మరో జత లాలాజల గ్రంథులు వెలగడం గమనించారు. వాటిని కొత్త గ్రంథులు అనొచ్చా అన్న చర్చ ఉన్నా, అక్కడ పడే డోసుకీ నోరెండటానికీ సంబంధం ఉందని వాళ్లు చూపించారు.

కోడ్ రాసేవాణ్ని కాబట్టి నాకు అంకెల మీద నమ్మకం ఎక్కువ. కానీ తెరమీద గ్రంథి బాగానే ఉన్నా నోరెండిందనే పేషెంట్లు ఉంటారు. అందుకే స్కాన్‌తో పాటు ‘మింగగలుగుతున్నారా, నిద్ర పడుతోందా’ అని అడగడమూ పరీక్షే.

మీ ఇంట్లో ఎవరికైనా ఈ ట్రీట్‌మెంట్ మొదలవబోతుంటే ముందే అడగండి: ‘పెరోటిడ్‌కి సగటున ఎంత డోసు పడుతుంది? తగ్గించే వీలుందా?’ లాలాజలం తగ్గితే పళ్లు త్వరగా పుచ్చుతాయి కాబట్టి దంతవైద్యుణ్నీ ముందే కలవండి.

మాకు అప్పుడు ఆ ప్రశ్న అడగాలనే తెలీదు. పెదనాన్న చెంబు చూసినప్పుడల్లా అదే గుర్తొస్తుంది.