భవనాలకు హైడ్రోజన్ ఫ్యూయల్ సెల్ విద్యుత్తు: తీరప్రాంత సేద్యానికి ఎంతవరకు ఉపయుక్తం?

ఇందుకూరుపేట మండలంలో మైపాడు తీరం వైపున రొయ్యల సాగుకు రాత్రిపూట విద్యుత్తు అత్యవసరం. చెరువు నీటిలో కరిగిన ప్రాణవాయువు తెల్లవారుజామున కనిష్ఠ స్థాయికి చేరుతుంది. ఆ సమయంలో కరెంటు పోయి ఏరియేటర్లు ఆగితే ఒక్క రాత్రిలోనే పంట దక్కకుండా పోవచ్చు. అందుకే రైతులు డీజిల్ జనరేటరును సిద్ధంగా ఉంచుకుంటారు. పగటి సౌరవిద్యుత్తును హైడ్రోజన్‌గా నిల్వచేసి రాత్రి వాడుకోవచ్చా అని రైతు అడిగితే విస్తరణ శాస్త్రవేత్త లెక్కతో సమాధానం చెప్పగలగాలి.

ఫ్యూయల్ సెల్‌లో ఇంధనాన్ని మండించరు. పొరతో కూడిన సెల్‌లో ఆనోడ్ వద్ద హైడ్రోజన్ ప్రోటాన్లుగా, ఎలక్ట్రాన్లుగా విడిపోతుంది. ఎలక్ట్రాన్లు బయటి వలయంలో ప్రవహించి విద్యుత్తునిస్తాయి. ప్రోటాన్లు పొరను దాటి కాథోడ్ వద్ద ఆక్సిజన్‌తో కలిసి నీరుగా మారుతాయి. నీరు, వేడిమి తప్ప పొగ వెలువడదు. అయితే ఆ హైడ్రోజన్‌ను సహజవాయువు నుండి తీస్తే కార్బన్ డయాక్సైడ్ ఉత్పత్తి స్థానంలోనే వెలువడుతుంది. కాబట్టి ఈ విద్యుత్తు స్వచ్ఛత హైడ్రోజన్ మూలంపై ఆధారపడి ఉంటుంది.

మన రాష్ట్రంలో ఇందుకు ఉదాహరణ విశాఖపట్నం సమీపంలోని సింహాద్రి. అక్కడి అతిథిగృహానికి ఫ్యూయల్ సెల్ మైక్రోగ్రిడ్‌ను నెలకొల్పే పనిని అప్పగించినట్లు ఎన్‌టీపీసీ 2021 డిసెంబరులో ప్రకటించింది. తేలియాడే సౌరఫలకాల విద్యుత్తుతో 240 కిలోవాట్ల ఎలక్ట్రోలైజర్ పగలు హైడ్రోజన్‌ను ఉత్పత్తి చేయాలి. 50 కిలోవాట్ల ఫ్యూయల్ సెల్ సాయంత్రం 5 నుండి ఉదయం 7 గంటల వరకు భవనానికి విద్యుత్తును అందించాలి. ఇది ఆ పథక రూపకల్పన.

ఇక చెరువు లెక్క. 2 హార్స్‌పవర్ ఏరియేటర్ 10 గంటలు నడవడానికి సుమారు 15 యూనిట్లు కావాలి. ఇందుకు దాదాపు 1 కిలో హైడ్రోజన్ అవసరం. దానిని తయారుచేయడానికి 50 నుండి 55 యూనిట్ల విద్యుత్తు, కనీసం 9 లీటర్ల శుద్ధజలం ఖర్చవుతాయి. తీరప్రాంతపు ఉప్పునీటిని ముందుగా శుద్ధి చేయాలి. కిలోవాటు సౌరఫలకం రోజుకు 4 యూనిట్లు ఇస్తుందనుకుంటే, హైడ్రోజన్ మార్గంలో ఒక్క ఏరియేటరుకు 13 కిలోవాట్ల ఫలకాలు కావాలి. బ్యాటరీ మార్గంలో నాలుగున్నర కిలోవాట్లు సరిపోతాయి.

కనుక ఒక రాత్రి అవసరానికి బ్యాటరీయే మేలు. ఈశాన్య రుతుపవన కాలంలో తుపాను వల్ల కొన్ని రోజులపాటు సరఫరా నిలిచిపోతే పరిస్థితి వేరు. అన్ని రోజులకు సరిపడే బ్యాటరీ భారమవుతుంది. హైడ్రోజన్‌ను మాత్రం సిలిండర్లలో ఎక్కువకాలం నిల్వ ఉంచవచ్చు. శీతల గిడ్డంగులు, ఆసుపత్రులు వంటి భవనాలకు అక్కడ ప్రయోజనం కనిపిస్తుంది. గాలిలో 4 నుండి 75 శాతం వరకు హైడ్రోజన్ అంటుకొనగలదు కనుక గాలి ప్రసరణ, లీకును గుర్తించే పరికరాలు, శిక్షణ పొందిన సిబ్బంది తప్పనిసరి.

ప్రస్తుతానికి దీనిని వ్యక్తిగతంగా రైతుకు సిఫారసు చేయడం తగదు. ఉమ్మడి భవనాల్లో ప్రదర్శనగా పరీక్షించి, యూనిట్ ఖర్చును డీజిల్, బ్యాటరీలతో పోల్చిన తరువాతే సిఫారసు చేయాలి.