పసిబిడ్డల ఒంటిపై ఎఱ్ఱని గడ్డలు

బిడ్డ పుట్టినపుడు ఒళ్ళు నిర్మలముగానే యుండును. లేదా, ఎక్కడనో దోమ కుట్టినంత ఎఱ్ఱదనమో, పాలిపోయిన చిన్న మరకయో కనబడును. రెండు మూడు వారములు గడచునప్పటికి అదే చోట దానిమ్మగింజ రంగున ఒక బొడిపె లేచును. నెల తిరుగునప్పటికి అది రేగుపండంత కావచ్చును. ఇంటిల్లిపాదికిని బెంగ పట్టుకొనును. కొందఱు గ్రహణదోష మందురు. కొందఱు తల్లి తిన్నదేదియో పడలేదందురు. ఈ రెండును నిజము కావు. ఇందులో తల్లి తప్పేమియు లేదు.

వైద్యులు దీనిని హెమాంజియోమా అందురు. రక్తనాళముల లోపొర కణములు మితిమీరి పెరిగి గుంపుకట్టగా ఈ గడ్డ ఏర్పడును. ఇది కేన్సరు కాదు; అంటువ్యాధియు కాదు. నూటికి నలుగురైదుగురు శిశువులకు కలుగుచుండును. మగపిల్లలలోకంటె ఆడపిల్లలలోను, నెలలు నిండక పుట్టినవారిలోను, తక్కువ బరువుతో పుట్టినవారిలోను ఎక్కువ. చర్మము పైపొరలో నున్నచో ఎఱ్ఱగాను, లోతున నున్నచో నీలముగాను కనబడును. పుట్టుకతోనే స్పష్టముగ నుండి, చదునుగా, బిడ్డతోపాటే సాగుచు ఎన్నటికిని తగ్గని ఎఱ్ఱమచ్చ వేఱొకటి కలదు. ఆ రెంటిని ఒకటిగా భావింపరాదు.

ఈ గడ్డ నడక విచిత్రమైనది. మొదటి మూడు మాసములలో, అందును ఐదవ వారమునుండి ఏడవ వారము వరకు, మిక్కిలి వేగముగ పెరుగును. సాధారణముగ ఐదు మాసములకు పెరుగుదల చాలవరకు ముగియును. ఏడాది నిండిన పిదప నడుమ బూడిదరంగు తిరిగి, మెత్తబడి, మెల్లమెల్లగా కృశించును. చాలమందిలో నాలుగేండ్లకు అణగిపోవును. ఐనను కొందఱికి వదులైన చర్మమో, సన్నని ఎఱ్ఱచారలో మిగులును.

ఇవి తమంత తామే తగ్గునని 1938లో లిస్టర్ అను ఆంగ్ల వైద్యుడు పిల్లలను పరిశీలించి ప్రకటించెను. రేడియముతోను, ఎక్స్‌రేలతోను వీనిని మాన్పజూచిన కాలము కూడ ఒకటి కలదు. స్వీడనులో అట్టి చికిత్స పొందిన శిశువులు పెద్దవారైన పిదప, వారిలో కొన్నిరకముల కేన్సర్లు అధికముగ కనబడినవి. తానై పోవుదానికి చేసిన వైద్యమే కీడు తెచ్చెను. కనుకనే ‘వేచిచూడుడు’ అనుట వైద్యులకు పరిపాటి యయ్యెను. అత్యధిక సంఖ్యాకులకు నేటికిని అదియే సరియైన సలహా.

ఐతే అది అందఱికిని చెల్లదు. కంటిఱెప్పపై గడ్డ చూపును అడ్డగించిన, ఆ కన్ను చూచుట నేర్వక శాశ్వతముగ మందగించును. ముక్కుకొనపై, పెదవిపై లేచినది ఆకృతిని చెఱచును. గడ్డము, దవడలు, మెడ ముందుభాగమున వ్యాపించినచో గొంతులోను ఉండవచ్చును; శ్వాసలో బొంగురుచప్పుడు దానికి గుర్తు. మొలచుట్టు, పెదవులపై నున్నవి పుండుపడి బాధించును. చర్మముపై ఐదుగాని, అంతకెక్కువగాని యున్నచో కాలేయమును స్కానింగుచే పరీక్షింపవలెను. ముఖమున పెద్దభాగమును ఆక్రమించినవానిని, నడుము దిగువ వెన్నుపై నున్నవానిని గూడ ఉపేక్షింపరాదు. ఇట్టి శిశువులను నెలలోపుగనే నిపుణులకు చూపవలెనని అమెరికా శిశువైద్యుల సంఘము 2019లో సూచించినది. గడ్డ వేగముగ పెరుగు కాలము అదియే గదా!

వీరికి నేడు మంచి మందు కలదు. ఫ్రాన్సుదేశమున బోర్డో నగరములో ముక్కుపై గడ్డయున్న ఒక బిడ్డకు స్టీరాయిడ్లు వాడుచుండగా గుండెకండరము దళసరి యయ్యెను. గుండెకై ప్రొప్రనొలోల్ ఇచ్చిరి. మఱునాటికే గడ్డ రంగు మాఱి మెత్తబడెను! క్రిస్టీన్ లియోతే-లబ్రేజ్ అను వైద్యురాలును, ఆమె సహచరులును 2008లో ఈ సంగతి లోకమునకు తెలిపిరి. 2015లో వెలువడిన పరిశోధనలో ఆఱు మాసములు ఈ మందు తగిన మోతాదులో తీసికొన్న శిశువులలో నూటికి 60 మందికి గడ్డ పూర్తిగనో, దాదాపు పూర్తిగనో మాయమైనది; మందులేనివారిలో నూటికి నలుగురికి మాత్రమే.

ఐనను ఇది గుండెవేగమును, రక్తపుపోటును, రక్తములోని చక్కెరను తగ్గింపగల మందు. ఉబ్బసపు లక్షణములను రేపవచ్చును. కావున వైద్యుడు పరీక్షించి, బరువునుబట్టి మోతాదు నిర్ణయింపవలెను. పాలు పట్టుచునో, పట్టిన వెంటనేనో మందు పోయవలెను. బిడ్డ పాలు త్రాగనపుడు, వాంతులైనపుడు ఆపి వైద్యునికి తెలుపవలెను. చిన్నవై పైపొరలో నున్నవానికి టిమొలోల్ చుక్కలు పైపూతగ చాలవచ్చును. మిగిలిన చారలకు లేజరు, వదులు చర్మమునకు శస్త్రచికిత్స తరువాతి మాట.

తల్లులకు మేము చెప్పునది కొంచెమే. వాతలు పెట్టింపకుడు, పసరులు పూయకుడు. గోళ్ళు గీచుకొని రక్తము వచ్చినచో శుభ్రమైన గుడ్డతో పది పదునైదు నిమిషములు అదిమిపట్టుడు; ఆగనిచో ఆసుపత్రికి కొనిపొండు. వారమున కొకసారి ఫోనుతో ఫొటో తీసి ఉంచుడు. పెరుగుదల వైద్యునికి తేటపడును. వేచియుండవచ్చునో, లేదో నిర్ణయించువాడు వైద్యుడు. ఆ నిర్ణయమునకై మాత్రము వేచియుండక, బిడ్డకు నెల నిండకమునుపే చూపించుడు.